నడిచి నడిచి పడిపోవడం, నడుస్తూ నడుస్తూ పడిపోవడం

ప్రశ్న: ‘చెప్పి చెప్పి విసుగొచ్చింది’ అంటాం కదా, ఇలా ఒక పనిని పదే పదే చేయడాన్ని వేరే భాషలవాళ్ళు ఎలా చెప్తారు? వాళ్ళు కూడా మనలాగే క్రియని రెండుసార్లు అంటారా?

కొన్ని భాషలవాళ్ళు అంటారు. కానీ రెండుసార్లు అన్నంత మాత్రాన వాళ్ళకీ మనకీ ఒకే అర్థం రాదు. అంతెందుకు, తెలుగులోనే క్రియని మూడు నాలుగు రకాలుగా జంట చేస్తాం, దేని అర్థం దానిదే. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాష కాబట్టి ఈ తేడాలు మన కంటికి ఆనవు. నాకు ఆనింది ఉద్యోగం వల్ల.

అమెరికాలో ఆసుపత్రులకి ఫోన్ మీద తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పని చేస్తాను. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు లైన్లో నేనుంటాను. డాక్టర్ ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెప్పాలి, పెద్దవాళ్ళు తెలుగులో అన్నది ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తీసెయ్యకూడదు. ఎవరి ఆరోగ్య విషయమూ బయట పెట్టకూడదు కాబట్టి కింద రాసేవి ఫలానా మనిషి మాటలు కావు. మన ఇళ్ళల్లో అందరూ అనేవే.

ఈ రెండు వాక్యాలు చూడండి. ‘మా ఆయన నడిచి నడిచి పడిపోయారమ్మా.’ ‘మా ఆయన నడుస్తూ నడుస్తూ పడిపోయారమ్మా.’

మొదటిది వింటే మనకేం అర్థమవుతుంది? చాలా దూరం నడిచారు, ఎండ తగిలిందో నీరసం వచ్చిందో, ఒళ్ళు తూలి పడ్డారు. రెండోదాంట్లో అలసట లేదు. మనిషి బాగానే నడుస్తున్నాడు, మధ్యలో ఉన్నట్టుండి కూలిపోయాడు. మొదటిది విన్న డాక్టర్ పొద్దున్న ఏం తిన్నారు, నీళ్ళు తాగారా, షుగర్ మందులు వేసుకున్నారా అని అడుగుతాడు. రెండోది వింటే స్పృహ తప్పిందా, గుండె దడగా అనిపించిందా అని అడిగి ఈసీజీ తీయమంటాడు. రెండు వాక్యాలనీ ఇంగ్లీషులో ‘నడిచేటప్పుడు పడిపోయారు’ అని ఒకే రకంగా చెప్పేస్తే ఆ తేడా అక్కడే పోతుంది. అందుకని నేను మొదటిదాన్ని చాలాసేపు నడిచాక, అలసిపోయి అన్నట్టు విప్పి చెప్తాను. రెండోదాన్ని నడక మధ్యలో అని చెప్తాను. కాస్త అనుమానం ఉన్నా ‘ఇంటర్‌ప్రెటర్‌కి స్పష్టత కావాలి’ అని డాక్టర్‌కి చెప్పి, పెద్దావిడని మళ్ళీ అడుగుతాను. మా పనిలో మమ్మల్ని మేము అలా మూడో మనిషిలాగే చెప్పుకోవాలి, మేము ‘నేను’ అంటే డాక్టర్ చెవికి అది పేషెంట్ మాటే.

మూడోది ‘నడవగా నడవగా’. ‘నడవగా నడవగా మోకాలు పట్టు వదిలింది’ అంటే రోజులు గడిచేకొద్దీ మెల్లగా మార్పు వచ్చిందని. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నప్పుడు వేప చేదు ఒక్కరోజులో తీపి కాలేదు కదా. ఇక్కడ అలుపూ లేదు, హఠాత్తుగా తెగిపోవడమూ లేదు. కథలకి మొదట పెట్టే ‘అనగనగా’ కూడా ఈ గూటిదే: అనగా అనగా, అంటే ఎవరో అనగా, మళ్ళీ ఇంకెవరో అనగా మన దాకా వచ్చిందని. ఇన్ని కథలు విన్నాం, చెప్పాం, ఆ మాటలో ఒక పని మళ్ళీ మళ్ళీ జరగడం దాక్కుని ఉందని ఎవరికైనా తట్టిందా?

ఇక మీరు అడిగిన ‘చెప్పి చెప్పి’. ఇది ఎన్నిసార్లు అన్న లెక్క చెప్పదు. చెప్పినవాడికి ఏమైందో చెప్తుంది. అందుకే దీని వెనకాల ఎప్పుడూ ఒక ఫలితం వచ్చి తీరాలి. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి, చదివి చదివి కంఠతా వచ్చింది. ‘నేను వాడికి చెప్పి చెప్పి’ అని ఆగిపోండి, ఎదుటివాళ్ళు మిగతాది వాళ్ళే పూరిస్తారు. ‘నేను నిన్న నాలుగుసార్లు చెప్పి చెప్పి వచ్చాను’ అని మాత్రం ఎవరూ అనరు. అంకె వచ్చి చేరగానే ఆ జంట అతకదు.

అలాగని జంట ఉన్న ప్రతిచోటా పని మళ్ళీ మళ్ళీ జరిగినట్టు కాదు. ‘పోయి పోయి వాడితోనా పెట్టుకున్నావ్!’ అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఇంతమంది ఉండగా వాడేనా అని దెప్పడం. ‘వెతికి వెతికి ఈ సంబంధమా తెచ్చారు’ అన్నదాంట్లో సగం వెతుకులాట, సగం ఎత్తిపొడుపు. నాకు బాగా ఇష్టమైనవి వ్యతిరేకంలో వచ్చే జంటలు: రాక రాక వచ్చారు, లేక లేక పుట్టాడు. ఇక్కడ మళ్ళీ మళ్ళీ జరిగింది పని కాదు, ఆ పని జరగకపోవడం. పిల్లల డాక్టర్ దగ్గర ఓ నాయనమ్మ ‘లేక లేక పుట్టిన పిల్లాడు తల్లీ’ అంటే, పెళ్ళయ్యి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగకపోవడం, మొక్కులు, ఎదురుచూపులు, చివరికి ఈ పిల్లాడు, అన్నీ ఆ రెండు మాటల్లో పడి ఉంటాయి. ఇంగ్లీషులో దానికి నాకు ఒక పూర్తి వాక్యం పడుతుంది, ఆ వాక్యంలో నాయనమ్మ గొంతు రాదు.

వేరే భాషల సంగతికి వస్తాను. మా ట్రైనింగుల్లో రకరకాల భాషలవాళ్ళం కలుస్తాం కాబట్టి ఈ కబుర్లు దొర్లుతూనే ఉంటాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది చైనీస్. వాళ్ళు కూడా క్రియని రెండుసార్లు అంటారు. ‘ఖాన్’ అంటే చూడు, ‘ఖాన్ ఖాన్’ అంటే ఊరికే ఒకసారి అలా చూడు, ఓ లుక్కెయ్యి. అంటే జంట చేస్తే పని తేలికవుతుంది, అడగడం మర్యాదగా ఉంటుంది. మనం ‘చూసి చూసి’ అంటే బరువు పెరుగుతుంది, వాళ్ళకి తరుగుతుంది. మనకి దానికి దగ్గరగా ఉండేది ‘చూసి చూడకుండా వదిలెయ్’ కాదు, ‘ఓసారి చూడు’ అన్న మాట. అందులో జంటే లేదు.

హంగేరియన్‌లో క్రియ చివర ఒక చిన్న తోక తగిలిస్తారు. ‘బెసేల్’ అంటే మాట్లాడటం, ‘బెసేల్‌గెత్’ అంటే కబుర్లు చెప్పుకోవడం. ‘ఒల్వష్’ చదవడం, ‘ఒల్వష్‌గత్’ తీరిగ్గా అప్పుడో పేజీ ఇప్పుడో పేజీ చదవడం. కొంచెం కొంచెంగా, పలుమార్లు, తొందర లేకుండా అన్నదంతా ఆ తోకలోనే ఉంది. లిథువేనియన్‌లో అయితే గతంలో అలవాటుగా చేసిన పనికి విడిగా ఒక కాలమే ఉంది, మన ‘వెళ్ళేవాడు, చేసేవాడు’ లాగా. రష్యన్‌లో నడిచి వెళ్ళడానికి రెండు వేర్వేరు క్రియలు. ఇప్పుడు ఒకవైపుగా వెళ్తుంటే ‘ఇదూ’, రోజూ వెళ్ళొస్తూ ఉంటే ‘ఖజూ’. రష్యాలో మెడిసిన్ చదివిన మా బంధువులమ్మాయి మొదటి ఏడాది అంతా ఈ రెండిటితోనే కుస్తీ పట్టింది.

టర్కిష్‌వాళ్ళు మాత్రం మనకి దగ్గరి చుట్టాల్లా అనిపిస్తారు. చెప్పి చెప్పి అన్నట్టే ‘సొయ్‌లెయే సొయ్‌లెయే’ అని క్రియని జంట చేస్తారు. అది కాక ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా ఒకే మాట అంటూనే ఉంటే, చెప్పడం అనే క్రియ పక్కన ‘దుర్మక్’ అనే క్రియ చేరుస్తారు. దుర్మక్ అంటే నిలబడటం, ఆగడం. చెప్తూ నిలబడ్డాడు అన్నట్టు. మనం కూర్చోబెడతాం. ‘అదే చెప్తూ కూర్చుంటే పనెప్పుడవుతుంది?’ ‘ఏడుస్తూ కూర్చోకు.’ ఏడ్చే మనిషి నిలబడి ఉన్నా సరే, కూర్చున్నట్టే లెక్క. వచ్చు, పోవు అన్నవాటిని కూడా మనం దీనికే వాడుకుంటాం. ఇప్పటిదాకా జరిగినదానికి ‘చేస్తూ వచ్చాను’, ఇకముందు జరగబోయేదానికి ‘చేసుకుంటూ పోతాను’. కాలం మన వైపుకి వచ్చి, మన ముందు నుంచి పోతుంది కాబోలు.

సంస్కృతంలో దీన్ని సూత్రాల్లో పెట్టారు. ‘నిత్యవీప్సయోః’ అని పాణిని సూత్రం: పని పదే పదే జరుగుతోందని చెప్పాలన్నా, ఒక్కొక్కదానికీ వర్తింపజేయాలన్నా పదాన్ని రెండుసార్లు అనాలి. మన ‘చెప్పి చెప్పి’ మొదటి రకం, ‘ఇంటింటికీ, ఊరూరా’ రెండో రకం. అలా రెండోసారి వచ్చిన పదమే ఆమ్రేడితం. టెన్త్‌లో ‘మొట్టమొదట, చిట్టచివర, పట్టపగలు’ అని ద్విరుక్తటకారం, అంటే మధ్యలో ‘ట్ట’ రావడం, బట్టీ కొట్టించారే, అదే. మొదట మొదట అనగా అనగా మొట్టమొదట అయ్యింది. ఇక్కడ జంటకి అర్థం మళ్ళీ మళ్ళీ కాదు, మరీ మరీ. సంస్కృతానికి ఇంకో పద్ధతి కూడా ఉంది, ధాతువులో, అంటే క్రియ మూలరూపంలో, మొదటి అక్షరాన్నే రెండుసార్లు అంటారు. పేపర్లలో చదివే ‘దేదీప్యమానం, జాజ్వల్యమానం’ అలా పుట్టినవే. మళ్ళీ మళ్ళీ వెలగడం అన్నది మహా గొప్పగా వెలగడం అయిపోయింది. జంగమం కూడా అంతే, వెళ్ళడం అన్న ధాతువు నుంచి వచ్చింది, తిరుగుతూనే ఉండేది అని. కన్నడంవాళ్ళు సెల్‌ఫోన్‌కి జంగమవాణి అన్నారు, మనవాళ్ళు చరవాణి అన్నారు. రెండూ పాపం మన రోజువారీ మాటల్లోకి పెద్దగా రాలేదు.

ఇక అలవాటు సంగతి. పని ఇప్పుడు జరుగుతోందా, జరుగుతూ ఉంటుందా అన్న తేడా. ఆసుపత్రిలో దీనికన్నా ముఖ్యమైనది ఇంకోటి లేదు. ‘ఛాతీలో నొప్పి ఉందా?’ అని డాక్టర్ ఇంగ్లీషులో మామూలుగా అడిగే ప్రశ్న రెండిటికీ సరిపోతుంది. ఇప్పుడు ఈ క్షణం ఉందా అనీ కావచ్చు, మీకు వస్తూ ఉంటుందా అనీ కావచ్చు. తెలుగులో నేను ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకోకుండా ముందు డాక్టర్‌నే అడుగుతాను. ఇంకో చిక్కు జవాబులో వస్తుంది. ‘వస్తుందమ్మా’ అంటారు పెద్దాయన. ‘వస్తుంది’ అంటే రోజూ వస్తుందనా, రేపు మెట్లెక్కితే వస్తుందనా, లేక ఇప్పుడు వస్తోందనా? తెలుగులో అలవాటుకీ భవిష్యత్తుకీ ఒకటే రూపం. దానికి తోడు ఈమధ్య ‘వస్తోంది’ అనాల్సిన చోట కూడా ‘వస్తుంది’ అనేస్తున్నారు. టీవీల్లో కింద పరిగెత్తే వార్తలు చూడండి, బయట కుండపోతగా వాన పడుతుంటే ‘వర్షం కురుస్తుంది’ అని వేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క అక్షరంతో నా పని రెట్టింపవుతుంది. తెలంగాణ వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ బాధ కొంత తక్కువ, ‘వస్తున్నది’ వేరు, ‘వస్తది’ వేరు, చెవికి తెలిసిపోతాయి. వాళ్ళు ‘ఊకె వస్తది’ అన్నారంటే ఇంక అడగక్కర్లేదు, మాటిమాటికీ వస్తోందన్నమాట.

ఇలాంటప్పుడు నన్ను ఆదుకునేది ‘ఉండు’ అన్న క్రియ. ‘వస్తూ ఉంటుందా?’ అని అడిగితే అనుమానానికి చోటే లేదు. ఐరిష్ భాషలో కూడా సరిగ్గా ఇక్కడే గీత గీస్తారు. ఇప్పుడు ఒంట్లో బాగోలేదంటే ‘తా’ అన్న క్రియ వాడతారు, తరచూ బాగుండదంటే ‘బీన్’ అంటారు. మన ‘ఉంది’, ‘ఉంటుంది’ అనుకోండి. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదని మనం స్కూల్లో నేర్చుకున్నాం. ఆ మాట అన్ని ఇంగ్లీషులకీ వర్తించదు.

అమెరికాలో నల్లజాతివాళ్ళ ఇంగ్లీషులో ‘హీ బి వర్కింగ్’ అంటారు, అంటే ‘పని చేస్తూ ఉంటాడు’ అని. చదువుకున్న మనవాళ్ళు చాలామంది అది తప్పు ఇంగ్లీషు అనుకుంటారు. కానే కాదు, దానికి గట్టి నియమం ఉంది. జానిస్ జాక్సన్ అనే పరిశోధకురాలు పిల్లలకి ఒక బొమ్మ చూపించింది. టీవీ కార్యక్రమంలో ఎప్పుడూ కుకీలు మెక్కే కుకీ మాన్‌స్టర్ ఒంట్లో బాగోలేక మంచం మీద పడుకుని ఉంటాడు, అదే కార్యక్రమంలోని ఎల్మో అనే ఇంకో బొమ్మ కుకీలు తింటూ కనిపిస్తాడు. ‘హూ ఈజ్ ఈటింగ్ కుకీస్?’ అని అడిగితే దాదాపు అందరూ ఎల్మోనే చూపించారు. ‘హూ బి ఈటింగ్ కుకీస్?’ అనగానే నల్లజాతి పిల్లలు ఎక్కువగా కుకీ మాన్‌స్టర్‌ని చూపించారు. తెల్లపిల్లల్లో ఎక్కువమందికి ఆ తేడా అందలేదు, వాళ్ళు ఎల్మో దగ్గరే ఉండిపోయారు. తెలుగులో అడిగి చూడండి: కుకీలు ఎవరు తింటున్నారు? ఎల్మో. కుకీలు ఎవరు తింటూ ఉంటారు? ఇక్కడే పుట్టి, నాతో సగం ఇంగ్లీషులోనే మాట్లాడే మా అబ్బాయి కూడా టక్కున సరైన జవాబు చెప్పాడు. తెలుగు వచ్చినవాళ్ళకి ఆ ‘బి’ వివరించడానికి ఒక్క నిమిషం చాలు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన మా సూపర్‌వైజర్‌కి చెప్పడానికి మాత్రం బోర్డు మీద బొమ్మ గీయాల్సొచ్చింది.

పైన ‘టక్కున’ అన్నాను. అది కూడా మీ ప్రశ్నకి సంబంధించిన మాటే. టక్కున అంటే ఒక్కసారి, టకటక అంటే వరసగా. గబుక్కున లేచాడు, గబగబా నడిచాడు. తళుక్కున మెరిసింది, తళతళలాడుతోంది. ఒక్కసారికి మధ్యలో ఒత్తు, పలుమార్లకి జంట. ఇంగ్లీషులో స్పార్క్ నుంచి స్పార్కిల్, క్రాక్ నుంచి క్రాకిల్ వచ్చాయే, అక్కడ చివర్న చేరిన ఆ ‘ల్’ పని కూడా ఇదే. కాకపోతే వాళ్ళకి అలాంటి మాటలు కొన్నే, మనం మాత్రం రోజుకి బోలెడు వాడతాం. నొప్పుల విషయంలో మరీ. ‘నరం జివ్వుమంది’ అంటే ఒక్కసారి. ‘కాళ్ళు జివజివ లాగుతున్నాయి’ అంటే ఆగకుండా. ‘గుండె ఝల్లుమంది’ అంటే భయపడ్డారు, కార్డియాలజిస్టుకి అక్కర్లేని మాట. ‘గుండె దడదడలాడుతోంది’ అంటే అక్కరే. ‘ఉండుండి పోటు వస్తోంది’ అంటే వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తోంది, మధ్యలో విరామం ఉందని. ఆ విరామం ఎంతసేపన్నది డాక్టర్ తప్పకుండా అడుగుతాడు, నేను ముందే సిద్ధంగా ఉంటాను.

అమ్మానాన్నల్ని డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్ళి, మీరే మాట చెప్పేవాళ్ళయితే ఇంకొక్కటి గమనించండి. మందుల చీటీ దగ్గర పని మళ్ళీ జరగడం క్రియలో ఉండదు, అంకెలో ఉంటుంది. ‘రోజుకి రెండుసార్లు రెండు మాత్రలు’ అని చెప్తే, మొత్తం రెండు మాత్రలని, పొద్దునొకటి రాత్రొకటి అని అనుకునేవాళ్ళున్నారు. మనకి ‘ఏసి’ ఉంది కదా. ‘పూటకి రెండేసి చొప్పున, రెండు పూటలా’ అనండి. రెండేసి అన్నాక ప్రతిసారీ రెండని వేరే చెప్పక్కర్లేదు. చెప్పి ఊరుకోకుండా ‘అయితే ఎలా వేసుకుంటారండీ?’ అని తిరిగి వాళ్ళ చేత చెప్పించండి. ‘పొద్దున రెండు, రాత్రి రెండు’ అన్న జవాబు వచ్చేదాకా నేను లైన్ వదలను.